మడ్‌గార్డులు లేని సైకిలు

ఏమండీ,

మీరు పోయి ఏడాదైనా మీ సైకిలుతో నా తిప్పలు తీరలేదు. మడ్‌గార్డులు పీకేసి తిరిగి, వానాకాలమంతా చొక్కా వీపున బురద చార వేసుకొచ్చేవారు. నేను తిట్టుకుంటూ ఉతికేదాన్ని. పక్క ఊరి బడిలో పంతులుగా చేరిన మన శీను ఆ సైకిలే కావాలంటే, ముందు ఎమ్మిగనూరులో కొత్త మడ్‌గార్డులు వేయించాను.

మొన్నటి వానకు పొలాల దారిలో నల్లరేగడి మట్టి ఆ మడ్‌గార్డుల్లో ఇరుక్కుని చక్రమే కదల్లేదట. సైకిలును భుజాన మోసుకొచ్చి, వాకిట్లోనే రెండూ ఊడబెరికాడు. ఈరోజు తెల్లచొక్కా వీపున అదే చార.

"మరక ఉతికితే పోతాదిలేమ్మా, చక్రం తిరగల్ల గదా" అన్నాడు.

అచ్చం మీ మాటే. ఒళ్లు మండిపోయింది.

ఆ చొక్కాను మాత్రం ఇంకా నానబెట్టలేదు.