సంఘానికి వినబడని చదువు

బర్మామైన్స్,
జూలై 9

మన తెలుగు సంఘం ఆదివారం బడి పంతులమ్మ చి. ఉజ్వలకు, సంఘం కార్యదర్శి, రిటైర్డ్ లోకో పైలట్ నీలకంఠం ఆశీర్వదించి రాయించునది.

ఆరు వారాలుగా హాలు కిటికీ దగ్గర నిలబడి నీ బడి చూస్తున్నాను. మొదట్లో పిల్లలు పైకి చదివేవారు, బాగుండేది. రెండు వారాలుగా పద్దెనిమిది పుస్తకాలు తెరిచి ఉంటున్నాయి, ఒక్క నోరూ తెరుచుకోవడం లేదు. నేను ముప్పై నాలుగేళ్లు ఇంజన్ నడిపాను. సిగ్నల్ కనబడగానే నేను ‘గ్రీన్!’ అని అరవాలి, పక్కనున్న అసిస్టెంటు ‘గ్రీన్!’ అని తిరిగి అరవాలి. మనసులో చదువుకుని ఊరుకుంటే చార్జిషీటే. చదువంటే వినబడాలి. పంద్రాగస్టులోగా వినబడకపోతే హాలు క్యారమ్స్ వాళ్లకిస్తాం. కనీసం వాళ్లు చప్పుడు చేస్తారు.

ఇట్లు,
నీలకంఠం

తా.క.: జవాబు చేత్తో, తెలుగులో రాయాలి. వాట్సాప్ చెల్లదు. సంఘం నియమం. పెట్టింది నేనే.


బర్మామైన్స్,
జూలై 11

గౌరవనీయులు నీలకంఠం తాతగారికి ఉజ్వల నమస్కారాలు.

పిల్లలు ఊరుకోలేదండీ, మనసులో చదువుతున్నారు. ఈ హిందీ ఊళ్లో మన పిల్లలకు బడిలో హిందీ, ఆటలో హిందీ. అందరూ కలిసి పైకి చదివితే గొంతు బండెక్కి వెళ్లిపోతుంది, అర్థం ప్లాట్‌ఫాం మీద ఉండిపోతుంది. కిషోర్ పోయిన నెలంతా పక్కవాడి వెనకాలే గట్టిగా చదివాడు. చూస్తే వాడి పుస్తకం వేరే పేజీలో ఉంది! అందుకే ఇప్పుడు మనసులో చదివించి, ‘కథలో ఏం జరిగింది?’ అని అడుగుతున్నాను. మొన్న తొమ్మిదేళ్ల ప్రసన్న పెదవి కదపకుండా చదువుతూ చదువుతూ కళ్లు తుడుచుకుంది. ఆ క్షణాన నాకు కాలరుంటే ఎగరేసేదాన్ని.

వచ్చే ఆదివారం అందరికీ శుభలేఖలు పంచుతున్నాను. చూద్దురుగాని.

విధేయురాలు,
ఉజ్వల

తా.క.: వానలో కిటికీ దగ్గరెందుకు? లోపల కుర్చీ ఉంది.


బర్మామైన్స్,
జూలై 16

చి.ల.సౌ. ఉజ్వలకు నీలకంఠం దీవించి రాయించునది.

నీ ఉత్తరం విన్నాను. శుభం. కానీ చిన్నపిల్లలకు శుభలేఖలు పంచి, కార్యదర్శికి ఒకటి ఇవ్వకపోవడం న్యాయమా? మా ఆవిడ అసిరమ్మ రెండు రోజులుగా, ‘ఆ పిల్ల పెళ్లికి మనల్ని పిలవదేటి? ఏటి తప్పు సేసినాం?’ అని నామీద అలిగింది. నీకు సంఘం తరఫున కుక్కరు కూడా కొనేశాం.

ఇక చదువు సంగతి. కిటికీ నుంచి చూశాను. పిల్లలు కార్డు తెరవడం, వేలితో ఒక్కచోట పొడవడం, ‘తొమ్మిది నలభై!’ అని అరవడం, కార్డు పడెయ్యడం. పెళ్లికూతురి పేరైనా ఎవరూ చదవలేదు. అదేం మర్యాద?

ఇట్లు,
నీలకంఠం

తా.క.: అబ్బాయి రైల్వేయేనా?


బర్మామైన్స్,
జూలై 18

తాతగారికి ఉజ్వల అనేక నమస్కారాలు.

పెళ్లి నాది కాదు. అవి మా అమ్మ బీరువాలో దాచిన పాత శుభలేఖలు. అందులో ఒక పెళ్లికొడుక్కి ఇప్పుడు బట్టతల.

శుభలేఖ ఆసాంతం ఎవరు చదువుతారండీ? ఎప్పుడు, ఎక్కడ, భోజనాలెన్నింటికి. కావలసింది వెతికి పట్టుకోవడమూ చదువే. మీకు నేను చెప్పాలా? వంద స్పీడులో సిగ్నల్ స్తంభానికి వేసిన పెయింటు చూశారా, దీపం రంగు చూశారా? ఎక్కడ ఎంత మెల్లగా పోవాలో రాసిన కాషన్ ఆర్డర్ చేతికిస్తే మాత్రం అంకె అంకె చూసుకుని సంతకం పెట్టేవారు. అది నిదానం చదువు. ‘గ్రీన్!’ అని అరిచేది పక్కవాడి కోసం చదవడం. ఇవన్నీ వచ్చు కాబట్టే బండి క్షేమంగా నడిపారు. మా పిల్లలకూ అన్నీ రావాలి. హాలు తీసేయకండి.

పంద్రాగస్టున మీరే పరీక్ష పెట్టండి. వాళ్లెన్నడూ చూడని కాగితం, మీ చేత్తో రాసి తీసుకురండి.

విధేయురాలు,
ఉజ్వల

తా.క.: కుక్కరు ఎన్ని లీటర్లు?


బర్మామైన్స్,
ఆగస్టు 14

అమ్మా ఉజ్వలా,

నువ్వడిగిన కాగితం ఇదే. నా సేత్తో రాత్తన్నాను. ఇంతకుముందువి మా కోడలు రోహిణి రాసింది. నీ ఉత్తరాలు అదే సదివి ఇనిపించింది.

నేను ఇక్కడే పుట్టాను. హిందీ బడిలో సదివాను. తెలుగు నోటికే వచ్చు, కంటికి రాదు. తెలుగు సంఘం కార్యదర్శికి తెలుగు సదవడం రాదని ఎవలితో సెప్పను? మనవడి వాచకం సొక్కా లోపల పెట్టుకుని కిటికీ దగ్గరకొచ్చేవోణ్ణి. పిల్లలు పైకి సదివితే ఏలు పెట్టుకుని నేనూ సదివేవోణ్ణి. నువ్వు ఆళ్ల నోళ్లు మూయించావు. నా సదువు ఆగిపోయింది. అందుకే దెబ్బలాడినాను.

నీ ఆకరి ఉత్తరం రోహిణికి ఇవ్వలేదు. నేనే సదివాను. నాలుగు రోజులు పట్టింది. మనసులోనే సదివాను. ఇంట్లో ఎవలికీ ఇనబళ్లేదు.

రేపు జెండా కాడ ఈ కాగితం ప్రసన్న సేత పైకి సదివించు. సంఘం అంతా ఇనాలి. కింద నా పేరు కూడా సదవాలి.

నీలకంఠం

తా.క.: హాలు నీదే. ఆదివారం లోపల కుర్చీ ఎయ్యి, ప్రసన్న పక్కన. కుక్కరు ఐదు లీటర్లు. అసిరమ్మ పప్పు ఎట్టేసింది.