లాంతరు చుట్టూ ఉసిళ్లు

1998 జూన్, సోమవారం రాత్రి
రామకుప్పం దారిలో

పాప నిద్రపోయింది. దుప్పటి కప్పుకుని టార్చి వెలుగులో రాస్తున్నాను. వ్యానులో లైటు వేయాలంటే ఇంకా భయంగానే ఉంది.

సాయంత్రం వాన వెలిశాక ఒక ఇంటి పక్కన వ్యాను ఆపుకున్నాం. అమ్మకం సామాను జరిపి, పాపకు పక్క వేసి, లైటు వేశానో లేదో ఉసిళ్లు కమ్ముకున్నాయి. ఆయన కిటికీ సందుల్లో నా చీరలన్నీ కుక్కారు. అయినా ఆగలేదు. ఒకటి చెవి దగ్గర పాకేసరికి పాప గుక్కపట్టి ఏడ్చింది. పసిబిడ్డను ఇలా సంతల వెంట తిప్పడం తప్పేమోనని దిగులేసింది.

ఇంతలో ఆ ఇంటామె నీళ్ల బేసిను తెచ్చి, మధ్యలో రాయి పెట్టి, దానిమీద లాంతరు వెలిగించింది. "మీ లైటు ఆర్పేయమ్మా. అన్నీ నా కాడికి వచ్చేస్తాయి," అంది. అలాగే అన్నీ వెళ్లి బేసిను నీళ్లలో పడ్డాయి. నేను దణ్ణం పెట్టబోతే నవ్వింది.

"నాకెందుకమ్మా దండం? మీ బండి లైటు లేకుంటే ఇన్ని యాడ వచ్చేవి? మా పిల్లోళ్లు పోయిన వానకాలం నుంచి అడగతాండారు."

కాసేపటికి ఉసిళ్లు వేయించి, బొరుగులూ ఉప్పూ కారం కలిపి, మాకూ ఒక గిన్నెడు తెచ్చింది. "తినప్పా, బాగుంటాయి," అని ఆయన చేతికే ఇచ్చింది.

దిగులు పూర్తిగా పోలేదు. కానీ ఆపిన ప్రతిచోటా ఇలాంటి ఇల్లొకటి ఉంటే…

ఇందాక ఆయన కిటికీలోంచి ఒక చీర లాగి మబ్బు చూశారు. "రేపు గూడా వాన వచ్చేట్టుండాది," అన్నారు. గిన్నె ఆయన ఒళ్లోనే ఉంది, ఖాళీగా.