రెండో గ్లాసు

అక్కా,

నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తుతూనే ఉన్నాను. "ఇంకా అలకేనట్రా? సరే, నీ ఇష్టం" అని పెట్టేస్తున్నావు. అలక కాదక్కా. ఆపరేషన్ బాగా జరిగిందని రాశానే గానీ, గొంతు పోయిందని రాయలేకపోయాను.

ఆసుపత్రివాళ్ళు ఇంటికి ఒక రోబోను ఇచ్చారు. అది మాట చెప్పినా వింటుంది, సైగ చేసినా వింటుంది. నాకు సైగలే మిగిలాయి. అరచెయ్యి చూపిస్తే ఆగుతుంది. ఒక వేలు చూపిస్తే గ్లాసుడు నీళ్ళు తెస్తుంది. దానికి నామీద విసుగూ లేదు, బెంగా లేదు.

నిన్న ఊరికే రెండు వేళ్ళు చూపించాను. ఎవరొచ్చారని అడగకుండా రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి ఎదురు కుర్చీ ముందు పెట్టింది. దాన్నింకా తియ్యనివ్వలేదు.

ఈసారి వెంటనే ఫోన్ పెట్టెయ్యకు. వేలితో రెండుసార్లు తడతాను, వింటున్నానని. నువ్వు మాట్లాడుతూ ఉండు. తిట్టినా సరే.

నీ తమ్ముడు