ఓర్లీ చాచని వేలు

మెల్‌బోర్న్,
ఆదివారం

బ్రాహా అక్కకు,

నేను బడి మానేస్తున్నాను. రెండో తరగతికి పెళ్ళి పాఠం ఈసారి నా నెత్తిన పడింది. పందిరి కింద వరుడి చుట్టూ వధువు తిరగడం, ఉంగరం చూపుడు వేలికి తొడగడం, గ్లాసు తొక్కి పగలగొట్టడం, అన్నీ నవ్వుతూ నేర్పాను. ఆ నవ్వు ఎంత కష్టమో నీకే తెలియాలి.

నీకు తెలిసిందే, అయినా రాస్తే తప్ప నా కడుపుమంట చల్లారదు. కోర్టు విడాకులిచ్చి మూడేళ్ళయింది. కానీ ఫైవల్ తన చేత్తో విడుదల పత్రం నా చేతుల్లో పెట్టేదాకా మన యూదు ధర్మంలో నేను అతని పెళ్ళాన్నే. అతనేమో పెట్టడు. నాకు నలభై వస్తున్నాయి. ఇంకో ఇల్లు ఎప్పుడు, ఒళ్ళో బిడ్డ ఎప్పుడు? ఊపిరాడటం లేదక్కా.

పాఠం చివర ఆడే ఆటపెళ్ళిలో వధువు వేషం ఓర్లీది. ఫైవల్ అన్న కూతురు. ఒకప్పుడు పిన్నీ అని మెడకు వేలాడేది. ఇప్పుడు వాళ్ళింట్లో ఆ మాట అనకూడదట. శుక్రవారం క్లాసులో లేచి అడిగింది.

"టీచర్, పెళ్ళి వద్దనిపిస్తే ఎలా?"

"మొగుడు కాగితం ఇస్తాడమ్మా."

"ఇవ్వకపోతే?"

"ఇస్తాడులే" అన్నాను. పిల్లల ముందు ఇంతకంటే పెద్ద అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

పుండు మీద కారంలా, బుధవారం ఆటపెళ్ళికి మా అత్తగారు గిట్టెల్ కూడా వస్తోంది. "మగాడికి కోపం తగ్గాలిగా, ఓపిక పట్టు" అన్న మహాతల్లి ఆవిడే. అది కాగానే రాజీనామా ఇచ్చేస్తాను.

ఇంకా ఫైవల్ పెళ్ళామైన నీ చెల్లెలు,
జెల్డా

మెల్‌బోర్న్,
పై వారం మంగళవారం

అక్కా,

రాజీనామా ఇవ్వలేదు. ఏం జరిగిందో విను.

పందిరి కింద వరుడి వేషంలో యోనా ప్లాస్టిక్ ఉంగరం పట్టుకుని నిలబడ్డాడు. ఓర్లీ రెండు చేతులూ వెనక్కి దాచేసింది.

"వేలు చాచమ్మా" అన్నాను.

"ముందు వీణ్ణి ఒట్టేయమనండి. నేనడిగితే కాగితం ఇస్తానని."

"ఇస్తాలేవే, తొందరగా పెట్టు. నేను గ్లాసు పగలగొట్టాలి" అన్నాడు యోనా.

"బాబాయి కూడా ఇలాగే అనుంటాడు. పిన్ని బడి బాత్రూంలో ఏడుస్తుంటే నేను విన్నాను."

అత్తగారు లేచి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ నేరుగా కొడుకు దగ్గరికే వెళ్ళిందట. "పత్రం ఇచ్చేదాకా నా సబ్బాతు బల్ల దగ్గర నీకు కుర్చీ లేదు" అందట. శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనానికి వస్తే నిజంగానే తలుపు తీయలేదట. నిన్న ఫైవల్ మన మతగురువులు రబ్బీల ముందుకొచ్చాడు. నేను దోసిలి పట్టాను. పత్రం అందులో పడేశాడు. అది నాదైనట్టు గుర్తుగా చంకలో పెట్టుకుని గుమ్మందాకా నడవమన్నారు. నడిచాను.

బయట అత్తగారు నిలబడి ఉంది.

"ఓర్లీ అడుగుతోంది, ఇక పిన్నీ అనొచ్చా అని. ఇప్పుడు నువ్వు మాకేమీ కావు. దానికేం చెప్పను?"

"అనమనండి" అన్నాను. "ఆ పిలుపు మీ అబ్బాయి చేతిలో లేదు."

ఎవరి పెళ్ళామూ కాని నీ
జెల్డా