కూడలిలో మా తమ్ముడి మొహం

శుక్రవారం

మా తమ్ముడి మొహాన్ని కూడలిలో కట్టారు మీరు. నిలువెత్తు ఫ్లెక్సీ, చేపల కొట్టుకీ మంగలి రాఘవన్ కొట్టుకీ మధ్య కరెంటు స్తంభానికి. "మన వార్డు మానసిక ఆరోగ్య కేంద్రానికి చికిత్సకు వచ్చిన తొలి యువకుడు సనూజ్‌కు అభినందనలు! ఇట్లు నిర్వాహక సంఘం" అని రాయించారు. ఫొటో చుట్టూ పూలదండ బొమ్మ ఒకటి. అది చూసి మా మేనత్త పొద్దున్నే ఏడుస్తూ దిగింది.

అంబుజాక్షన్ మాస్టారూ, ఆ సంఘానికి కన్వీనర్ మీరు. ఫోన్ చేస్తే "ఏదైనా రాసి ఇవ్వు" అన్నారు. రాస్తున్నాను. దండంతో మొదలెట్టే మర్యాద నాకూ తెలుసు. ఇవాళ పెట్టను.

సనూజ్ పన్నెండో తరగతి తప్పి గదిలో తలుపేసుకున్నాడు. వానలు వచ్చాయి, వెళ్ళిపోయాయి, తలుపు తియ్యలేదు. అమ్మ గుమ్మం దగ్గర గంజన్నం పెడితే ఖాళీ గిన్నె మాత్రం బయటికొచ్చేది. కౌన్సెలర్ ఫెమినా మేడమ్ వారం వారం మా వసారాలో కూర్చుని మూసిన తలుపుకే కబుర్లు చెప్పింది. నిన్న గురువారం వాడు చొక్కా వేసుకుని గ్రంథాలయం మీది గదిలో గురువారాలు నడిచే మీ పిల్లల కేంద్రానికి నడిచొచ్చాడు. వెనక నడుస్తూ అమ్మ ఏడుపు వినపడకుండా నోట్లో తువ్వాలు కుక్కుకుంది.

ఇవాళ మీ ఫ్లెక్సీ. వాడింకా చూడలేదు. వచ్చే గురువారం మళ్ళీ వెళ్ళాలి, దారి ఆ కూడలి ఒక్కటే. చూశాడా, తలుపు మళ్ళీ పడుతుంది. ఈసారి మేడమ్ వల్ల కూడా కాదు.

తీసెయ్యండి.

కోపంతో,
ప్రజీష్, హమాలీ

తా.క. నేనే దించేవాణ్ణి. కానీ రోడ్డుకి ఆ పక్క ఏది దించే హక్కయినా అవతలి యూనియన్, దాము జట్టుది. మా యూనియన్ వాడు అటుపక్క అరటిగెల ముట్టుకున్నా జిల్లా అంతా సమ్మె.


శనివారం

ప్రియమైన ప్రజీష్‌కి,

నువ్వూ మీ అమ్మగారూ క్షేమమని తలుస్తూ అంబుజాక్షన్ మాస్టారు రాసేది.

నీ ఉత్తరం సంఘం సమావేశంలో చదివాం. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం రెండోసారి కూడా చదివాం. బాగా రాశావు.

నాయనా, మన ఊళ్ళో పరీక్ష ప్యాసైతే కడతాం, వాలీబాల్ గెలిస్తే కడతాం. మొన్న సుకుమారన్‌కి కిడ్నీలోంచి రాయి బయటపడితే దానికీ కట్టాం. మనసు బాగుచేసుకోడానికి మెట్లెక్కిన కుర్రాడు ఆ రాయికి తీసిపోయాడా?

అయినా గోప్యత అనేది ఒకటుందని ఫెమినా మేడమ్ నన్ను నిలబెట్టి మరీ చెప్పింది. ఉద్యోగమంతా పిల్లల్ని నిలబెట్టినవాణ్ణి, రిటైరయ్యాక నా వంతొచ్చింది. కనుక ఏకగ్రీవంగా తీర్మానించాం: సనూజ్ పేరు మీద తెల్లకాగితం, కళ్ళ మీద నల్లపట్టీ. దండ చెరిపించాం. ఇక ఎవరూ గుర్తుపట్టరు.

ఆశీస్సులతో,
అంబుజాక్షన్ మాస్టారు

తా.క. ఫొటోలో సనూజ్ జుట్టు చెవులు దాటిందట. ఎప్పుడొచ్చినా ఊరికే కత్తిరిస్తానని రాఘవన్ చెప్పమన్నాడు. గుర్తుపట్టాడు మరి.


సోమవారం

దొంగని చేశారు. నిన్నటిదాకా రోగి, ఇవాళ దొంగ.

పేపర్లో కళ్ళకి నల్లపట్టీ ఎవరికేస్తారో బడిలో పాఠం చెప్పినవాళ్ళకి తెలియదా? పైగా కింద "అభినందనలు" అలాగే ఉంచారు. దొంగతనానికి అభినందనలు చెప్పే ఊరంట మనది, బస్సులో జనం తలలు బయటపెట్టి నవ్వుతున్నారు. చేపలమ్మే కల్యాణి మా అమ్మని అడిగిందిట: "ఏమ్మా, ఎన్ని సవర్ల గొలుసు కొట్టేశాడు? మీవాడు నోట్లో నాలుక లేనివాడనుకున్నానే!" అమ్మ కొన్న చేపలు అక్కడే వదిలేసి వచ్చేసింది.

దాము గుమ్మం కూడా తొక్కాను. నా జన్మలో తొక్కుతాననుకోలేదు.

"సరుకేంట్రా?" అన్నాడు.

"మా తమ్ముడి మొహం."

"దానికి మా జట్టులో రేటు లేదే. కమిటీలో పెట్టాలి."

"ఎప్పుడు పెడతారు?"

"కమిటీ కూర్చోడానికి ముందు ఒక కమిటీ కూర్చోవాలి కదరా."

నేను బడి ఏడుతో ఆపాను. మిగతాదంతా మీ గ్రంథాలయం బీరువాల్లోంచి చదువుకున్నదే. ఏ పుస్తకంలోనూ ఇలాంటి వైద్యం చూడలేదు. బుధవారానికి దిగాలి. కాగితం వద్దు, పట్టీ వద్దు, తీర్మానం అసలు వద్దు.

పళ్ళు కొరుకుతూ,
ప్రజీష్

తా.క. నిన్న మేడమ్ ఇంటికొచ్చి సనూజ్ సంగతి వదిలేసి "ప్రజీష్, నీకు నిద్ర పడుతోందా?" అంది. చికిత్స ఎవరికో ఆవిడకే గుర్తులేదు. ఇది సంఘంలో పెట్టండి.


బుధవారం

ప్రియమైన ప్రజీష్‌కి,

కోపం కాస్త తగ్గి ఉంటుందన్న ఆశతో.

నీ రెండో ఉత్తరం ఒక్కసారే చదివాం. ఈసారి అందరూ వేళకి వచ్చారు, కల్యాణి చేపల కొట్టు మూసి మరీ వచ్చింది.

తీసేద్దామన్నాను. "తీసేస్తే నిజంగానే ఏదో చేశాడంటారు" అని కల్యాణి అడ్డం పడింది, కళ్ళు తుడుచుకుంటూ. దాంతో చర్చ మలుపు తిరిగింది. ఊరు చూస్తున్నది వాడొక్కడే ఉన్నాడని కదా. ఒక్కడు కాకపోతే?

కనుక కొత్తది కట్టాం. పట్టీ లేదు, కాగితం లేదు. మధ్యలో సనూజ్, చుట్టూ మా సంఘమంతా. పైన "మేమూ వస్తున్నాం". ఎవరి ఫొటో కింద వాళ్ళ బాధ వాళ్ళే రాసుకున్నారు. సుకుమారన్: "రాయి పోయింది, భయం పోలేదు." రాఘవన్: "కోపం ఎక్కువ. వచ్చినప్పుడు కత్తి కింద పెట్టేస్తాను." దానికి అతని గిరాకీ కొంత తగ్గింది. నాది కూడా ఉంది: "భార్య పోయాక ఇంట్లో రేడియో ఆపడం లేదు."

నీ ఆజ్ఞ మీరినందుకు క్షమించు.

అంబుజాక్షన్ మాస్టారు

తా.క. కట్టింది దాము జట్టే. నిచ్చెన కింద నిలబడి అన్నీ చదివి, "నా కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. అది ఎక్కడ రాయాలి?" అన్నాడు. మూల చోటిచ్చాం. రేటు మాట ఎత్తలేదు.


శుక్రవారం

మా తమ్ముడి వంతు మీరు తినేశారు.

నిన్న వాణ్ణి తీసుకొచ్చాను. వాన లేకపోయినా గొడుగు విప్పి, ఫ్లెక్సీ కనపడకుండా అటుపక్క నేను నడిచాను. వాడు కూడలిలో ఆగిపోయాడు.

"అన్నా, గొడుగు దించు. రాఘవన్ది చదవనీ."

చదివి నవ్వాడు. ఆ చప్పుడు నేను మర్చేపోయాను. ఎవరో దగ్గుతున్నారనుకుని వెనక్కి చూశాను.

మొదటి ఫ్లెక్సీ కట్టిన రోజే వాడి స్నేహితుడు ఫోన్లో పంపాడట. "మరి తలుపెందుకు వేసుకోలేదురా?" అన్నాను. "నువ్వు మాస్టారికి రాసేది రాస్తూనే పైకి చదువుతావుగా. తలుపేసుకుంటే సగం వినపడదు" అన్నాడు.

ఇక్కడిదాకా మీకు క్షమాపణ. ఇక్కణ్ణించి లేదు.

గ్రంథాలయం మెట్ల నిండా మీరే. ముందు మీరు, మీ వెనక కల్యాణి, సుకుమారన్, దాము. పిల్లల కోసం పెట్టిన కేంద్రంలో పిల్లాడికి కూర్చోడానికి బెంచీ లేదు. మీ రేడియో కథ అయ్యేసరికే మేడమ్ చివరి బస్సుకి లేచింది. వాడి పేరు పిలవనే లేదు. అంతసేపూ వాడు మెట్టు మీద దాము పక్కన కూర్చున్నాడు. "నాన్నతో మాట్లాడనివాడికి లోపల ఏముంటుందిరా?" అని దాము అడగడం విన్నాను. సనూజ్ చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పావురా అంటే నాకు చెప్పడు. దాము మాత్రం చెప్పులు మెట్ల మీదే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

గురువారం పిల్లలదీ, వాళ్ళ ఇంటివాళ్ళదీ. మీకు మీరు వేరే రోజు పెట్టుకోండి. ఫ్లెక్సీలో ఫొటో మార్చండి, అది పదో తరగతిది, మీసం లేదని వాడికి నామోషీ. ఈ పొద్దున రాఘవన్ దగ్గర జుట్టు కత్తిరించుకుని స్టూడియోకి వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు. అమ్మ గుమ్మంలో గిన్నె పట్టుకుని ఎటు పెట్టాలో తెలియక నిలబడి ఉంది.

ప్రజీష్

తా.క. పెద్దవాళ్ళ రోజు పెడితే మొదటి పేరు మీదే అవుతుంది, తెలుసు. రెండోది నాది రాయండి. మేడమ్ అడిగినదానికి జవాబు: నిద్ర పడటం లేదు. ఇది సంఘంలో చదవడానికి వీల్లేదు, ఫ్లెక్సీ మీద అసలు కుదరదు. ఏ రోజో బుధవారం సాయంత్రంలోగా రాతపూర్వకంగా తెలియజేయాలి.