నిన్న ఎక్కడ ఆపాం?

జూన్ 9, సోమవారం

ఎంఆర్ఐ రిపోర్టు వచ్చింది. మూడేళ్ల కింద ఎడమ కన్ను మసకబారినప్పుడు ఈ జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తెలిసింది. కన్ను బాగైంది. కాలు కాస్త ఈడ్చుకుంటూ నడుస్తాను, అదీ అలవాటైంది. ఈసారి డాక్టర్ పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూసి, మెదడు కొంచెం కుంచించుకుపోయింది అన్నాడు. తర్వాత ఒకావిడ వరసగా అంకెలు చదివింది. ప్రతి అంకెనూ దాని ముందు అంకెతో కూడి చెప్పాలి. ఏడో అంకె దగ్గరే చేతులెత్తేశాను. పాత జ్ఞాపకాలు గట్టిగానే ఉంటాయట. కొత్తవి నిలవడమే కష్టమట.

నిజమే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో గ్రూప్-2 వాళ్లకు పద్నాలుగేళ్లుగా పాలిటీ చెప్తున్నాను, చేతిలో పుస్తకం లేకుండా. రాజ్యాంగంలో ఏ ఆర్టికల్ అయినా సరే, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నిన్న క్లాసు ఎక్కడ ఆపానో మాత్రం చెప్పలేను.

మా ఆయన ధనరాజ్‌తో అంతా నార్మల్ అన్నాను. మరి గ్యాస్ బంద్ చేసిన్నా అని దినాం నన్నెందుకు అడుగుతున్నవ్ అన్నాడు.

జూన్ 11, ఉదయం 6

ఉపాయం దొరికింది, అదీ నా పాత అలవాటులోనే. క్లాసులోకి వెళ్లగానే ఏ టీచరైనా అడిగేదే: నిన్న ఎక్కడ ఆపాం? చదివారా లేదా అని పరీక్షించడానికి అడుగుతాం. నేనిప్పుడు నిజంగా తెలియక అడుగుతున్నాను. రెండు వందల మంది ఒక్క గొంతుతో చెప్తారు. ఎవడికి అనుమానం?

జూన్ 12

బోర్డు మూల ఎవరో చిన్నగా ఆర్టికల్ 19 అని రాసి పెడుతున్నారు. ముందు బ్యాచ్ వాళ్లేమో. బోర్డు తుడవడం కూడా రాదా అని కసిరాను. తుడిచేశాను.

జూన్ 17, మంగళవారం

డైరెక్టర్ జోగారావు గారు పిలిచారు. నా పాలిటీ మొత్తం యాప్ కోసం రికార్డు చేయాలట. ఎల్బీనగర్‌లో స్టూడియో, ఎనభై గంటలు. స్టూడెంట్స్ ఎవరూ ఉండరండీ, మీరూ కెమెరా అంతే, హాయిగా చెప్పేసుకోండి అన్నారు. వచ్చే ఏడాది నుంచి అంతా యాప్‌లోనేనట. మీకు కుదరకపోతే ఇంకొకరిని చూస్తానండీ అని నవ్వారు కూడా.

హాయిగానట! ఆ ఖాళీ గదిలో ఎవర్ని అడగాలి నేను?

జూన్ 23

మొదటి రికార్డింగ్. బాగా వచ్చింది. అనవసరంగా భయపడ్డాను.

జూన్ 24, సాయంత్రం 5

స్టూడియోలో ఎర్ర లైటు వెలిగింది. నోరు దానంతట అదే అడిగింది, నిన్న ఎక్కడ ఆపాం? అని.

ఆగాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అద్దం అవతల కెమెరా అతను ఫోన్ చూసుకుంటున్నాడు. చివరికి ఆర్టికల్ 32 అందుకున్నాను. ఐదు రిట్లు, మధ్యలో మామూలు జోకు, అన్నీ సాఫీగా వచ్చాయి. గండం గడిచింది.

జూన్ 26

గడవలేదు. సోమవారం చెప్పిందే మంగళవారం కూడా చెప్పానట. జోకు కూడా అదే చోటట. టేపు వేసినట్టు ఒక్క మాట తేడా లేదండీ అని జోగారావు గారు ఆశ్చర్యపోయారు. ఒంట్లో బాగా లేదా అండీ అని అడిగారు. జ్వరం అని అబద్ధమాడాను. మెట్రో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

జూన్ 27

రాజీనామా రాశాను. బ్యాగులో ఉంది.

జూన్ 28, శనివారం

క్లాసుకు ముందే వెళ్లాను. గదిలో తిరుపతమ్మ ఒక్కతే ఉంది. నల్గొండ దగ్గర పల్లె, ముప్పై అయిదేళ్లుంటాయి, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి హాస్టల్లో ఉంటోంది. మూడో అటెంప్ట్. చేతిలో సుద్దముక్క. బోర్డు మూల ఆర్టికల్ 36 అని రాస్తోంది.

నువ్వా అన్నాను. గతుక్కుమంది. మే నెల్ల మీరు గదే పాఠం రెండుసార్లు చెప్పిన్రు మేడం, అప్పటిసంది రాస్తున్న, మీరు తుడిచేసినా మల్ల రాస్తున్న, ఏమనుకోకుండ్రి అంది. ఇంకెవరికి తెలుసని అడిగాను. అందరికెరుకే మేడం, గందుకే అందరం గట్టిగ చెప్తం అంది.

నా మీద ఎవరు జాలి పడమన్నారు అని అరవాలనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. రెండు వందల మంది! ఆ గొంతులన్నీ నాకోసమేనా? బాత్రూంలోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. ఏం అడగకుండానే 36 మొదలుపెట్టాను.

జూన్ 30, సోమవారం

ధనరాజ్‌కు చెప్పేశాను. అబద్ధమాడినందుకు తిట్టలేదు. ఒక్కదానివే దవాఖానకు ఎందుకు పోయినవ్ అని తిట్టాడు.

జోగారావు గారికీ చెప్పాను. రికార్డింగప్పుడు నలుగురు స్టూడెంట్స్‌ని కూర్చోబెట్టండి, చాలు అన్నాను. చూద్దామండీ అన్నారు. చూద్దాం అంటే ఏమిటో తెలియదు. రాజీనామా ఇంకా బ్యాగులోనే ఉంది.

జూలై 2

స్టూడియో. నలుగురు లేరు. మధ్యలో వెనక్కి తిరిగితే నేనసలు వాడని బోర్డు మూల ఆర్టికల్ 36 అని కనిపించింది. ఎవరో పాపం ఇక్కడిదాకా వచ్చి రాసి వెళ్లారు, ఎంత మంచివాళ్లు అనుకున్నాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే నా వేళ్ల నుంచి సుద్ద పోతోంది.