రంగులరాట్నం, నాలుగో చుట్టు

మే 6, బుధవారం

ఇంటికొచ్చి పంతొమ్మిది రోజులు. నా కూతురు ఇంకా నా దగ్గరికి రాలేదు.

దానికి రెండేళ్ల మూడు నెలలు. ఆ నడక, ఆ చూపు చూసి ఇంట్లో అందరూ దొరసాని అంటారు. నేను ఓడెక్కినప్పుడు పది నెలల పిల్ల. టూరిస్టుల ఓడలో లాండ్రీ సూపర్‌వైజర్ పని. తొమ్మిది నెలలని వెళ్లాను. నా చోటికి రావాల్సిన మనిషి రాలేదు, ఇంకో కాంట్రాక్టుకి ఒప్పుకున్నాను. మొత్తం పదిహేడు నెలలు. అన్నాళ్లూ రెండు వేల మంది పడుకున్న దుప్పట్లు ఉతికించాను. నా పిల్ల పక్కబట్టలు మాత్రం వదిన ఉతికింది.

వదిన అంటే మా ఆయన అక్క. టైలర్. కొడుకులిద్దరూ ఉద్యోగాలకి వెళ్లిపోయారు, పిల్లని నేను చూస్తాలే అని తనే మా ఇంటికి వచ్చి ఉంది. దొరసాని ఆవిడని అమ్మా అంటుంది. నన్ను ఫోనమ్మ అంటుంది. రోజూ వీడియో కాల్‌లోనే కదా చూసింది. ఎదురుగా నిలబడి పిలిస్తే నా మొహం చూడదు, ఫోన్ ఎక్కడుందా అని వెతుకుతుంది.

నిన్న బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని వదిన ఫోన్‌కి వీడియో కాల్ చేశాను. ఫోనమ్మా అని ఒకటే కేక. కొత్త చెప్పులు చూపించింది. తెర మీద ముద్దు పెట్టింది. పది అడుగుల దూరంలో కమోడ్ మీద కూర్చుని ఆ ముద్దు పుచ్చుకున్నాను. బయటికి రాగానే పరిగెత్తి వదిన వెనక దాక్కుంది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఎవరికని చెప్పుకోను?

మే 8, శుక్రవారం

మా ఆయన ఒక ప్లాన్ వేశాడు. థీమ్ పార్క్. పక్కనే వాళ్ల హోటల్, ఐదు రోజులు. పిల్లకి లోకంలో ఉన్న సరదా అంతా నీ చేత్తోనే పెట్టు, సరదా ఎటుంటే పిల్ల అటే వస్తుంది అన్నాడు.

ప్లాన్‌లో రెండో ముక్క మెల్లగా చెప్పాడు. అక్క కూడా వస్తుందట. మూడో రోజు, పిల్ల ఆటలో ఉండగా, కనపడకుండా జారుకుని బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లిపోతుందట. కళ్ల ముందు వెళ్తే పెద్ద గొడవ, కనపడకుండా వెళ్తే రెండు రోజుల బెంగ, తర్వాత పిల్ల చచ్చినట్టు నీ దగ్గరికే వస్తుంది అన్నాడు. అందరి ఇళ్లలో ఇలాగే చేస్తారు, స్కూల్లో వేసినప్పుడు మా అమ్మ కూడా నన్ను ఇలాగే మరిపించి వెళ్లింది, నేనేం చెడిపోయాను అని అడిగాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆయన లెక్కలో ఏదైనా ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే బాగైపోతుంది.

వదినని అడిగాను. తన కుట్టుపని కూడా పేరుకుపోయిందని, తను ఎప్పటికైనా వెళ్లాల్సిందేనని, అలాగే చేద్దామని అంది. తర్వాత సింక్ దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది.

వదిన మంచిది. అదే నా ఖర్మ. గయ్యాళి అయ్యుంటే హాయిగా తిట్టుకునేదాన్ని.

ఓడ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మళ్లీ వస్తావా, పదిహేనో తారీకులోపు చెప్పమన్నారు. మా ఆయనకి చెప్పలేదు. ఈ ఐదు రోజుల్లో పిల్ల నాది కాకపోతే వెళ్లిపోతాను. ఇంట్లో పరాయిదానిలా తిరగడం కంటే సముద్రమే నయం.

మే 9, శనివారం

ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలని సామెత. దానికి ముద్దొచ్చినప్పుడు నా చంక ఓడలో ఉంది.

మే 11, సోమవారం. సాయంత్రం ఐదు

చేరాం. దారిలో రెండుసార్లు కక్కుకుంది, రెండుసార్లూ వదిన ఒళ్లో. నాకు కుళ్లు వచ్చింది. కక్కుకి కూడా కుళ్లుకునే స్థితికొచ్చాను.

హోటల్ గది బాగుంది. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి గానీ బ్లీచ్ ఎక్కువ కొట్టారు, ఇంకో పది ఉతుకులకి చిరుగుతాయి. పెద్ద మంచం ఒకటి, చిన్న మంచం ఒకటి. మా ఆయన పక్కలు పంచాడు. పెద్ద మంచం మీద నేనూ, దొరసానీ, అటుపక్క వదిన. దొరసాని నిద్రపోవాలంటే వదిన చెవి తమ్మె పట్టుకోవాలి. మధ్యాహ్నం కునుకప్పుడు నా చెవి ఇచ్చాను. కమ్మ కూడా తీసేసి ఇచ్చాను. రెండు వేళ్లతో ఒకసారి నొక్కి చూసి, సంతలో వంకాయ బాగోలేదని పక్కన పెట్టినట్టు వదిలేసి అటు తిరిగింది.

మే 12, మంగళవారం

థీమ్ పార్క్ అంటే మా అమ్మాయికి ఏమిటో ఇవాళ తెలిసింది. ఒక కుళాయి.

గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర పెట్టారు. దాని ప్రకారం దొరసాని ఎక్కగలిగినవి మూడే: చిన్న రైలు, బాతు పడవ, రంగులరాట్నం. రైలు ఎక్కలేదు. బాతుని చూసి మూతి తిప్పింది. టోపీ పెట్టుకున్న ఏనుగు వేషం మనిషి చెయ్యి చాపేసరికి పార్కంతా వినపడేలా ఏడ్చి వదిన మెడకి కరుచుకుంది. ఆ ఏనుగు పొట్ట మీద పాత ఐస్‌క్రీం మరక, చల్లటి నీళ్లతో ముందే కడిగుంటే పోయేది. తర్వాత ఆడవాళ్ల బాత్రూంలో చెయ్యి పెడితే దానంతటదే వచ్చే కుళాయి చూసింది. అంతే. నలభై నిమిషాలు. చెయ్యి పెట్టు, నీళ్లు రావాలి. తియ్యి, ఆగాలి. కిలకిలా నవ్వు.

నలభై నిమిషాలూ నేనే ఎత్తుకుని నిలబడ్డాను! వదిన కావాలనే బయట ఆగిపోయింది. చెయ్యి లాగేసినట్టుంది, నడుము విరిగినట్టుంది, ప్రాణం మాత్రం లేచొచ్చింది. ఒక్కసారి నవ్వుతూ తల నా భుజం మీద వాల్చింది. ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు, కదిలితే గుర్తొస్తానేమోనని.

అంతలో వదిన దగ్గింది. అమ్మా అని నా చంకలోంచి దూకేసింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే అడుక్కుంటోంది.

మే 13, బుధవారం. ఉదయం ఎనిమిది

ఇవాళే. పదకొండింటికి. వదిన బ్యాగు మా ఆయన రిసెప్షన్‌లో ముందే పెట్టేశాడు. వదిన పిల్లకి పాలు పట్టింది, జడ వేసింది, వేసిన జడ విప్పి మళ్లీ వేసింది. చెప్పి వెళ్తే బాగుంటుందేమో అని నేను అన్నాను. గట్టిగా అనలేదు. మా ఆయన అన్నీ అనుకున్నాక మళ్లీ మొదటికి రావద్దన్నాడు. నేనూ ఊరుకున్నాను. నిజం రాసుకోవాలంటే, నాకూ కావాలి. వదిన వెళ్లిపోవాలి. పిల్ల నాకు కావాలి.

అదే రోజు, మధ్యాహ్నం రెండు

అయిపోయింది.

రంగులరాట్నం మీద తెల్ల గుర్రం. ముందు దొరసాని, వెనక నేను, రెండు చేతులూ దాని నడుం చుట్టూ. రెయిలింగ్ అవతల వదిన. మొదటి చుట్టు తిరిగొచ్చేసరికి వదిన చెయ్యి ఊపింది, దొరసాని ఊపింది. రెండో చుట్టు, ఊపింది. మూడో చుట్టు, వదిన నవ్వుతూ ఊపింది గానీ గడ్డం వణకడం నాకు కనిపించింది. గుర్రం అటు తిరిగినంతసేపూ నేను నేల కేసి చూశాను.

నాలుగో చుట్టుకి అక్కడ ఎవరో తాత ఐస్‌క్రీం తింటున్నాడు.

దొరసాని ఊపడానికి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించలేదు. ఐదో చుట్టు కూడా అలాగే ఎత్తుకుని ఉంది. ఆరో చుట్టుకి మెల్లగా దించుకుని, గుర్రం మెడలోంచి పైకి వెళ్లే ఇనుప రాడ్డు పట్టుకుంది.

ఏడుస్తుందని రుమాళ్లు, బిస్కెట్లు, బుడగ, అన్నీ సిద్ధంగా ఉంచుకున్నాం. ఏడవలేదు. దిగాక రెయిలింగ్ దగ్గరికి నడిచి వెళ్లింది, వదిన నిలబడ్డ చోట నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

తనంతట తనే. పదిహేడు నెలల తర్వాత.

సిగ్గులేకుండా సంతోషించాను.

మే 14, గురువారం. ఉదయం

చూశావా, రెండు రోజులన్నాను, ఒక్క పూటలో సర్దుకుంది అని మా ఆయన పొంగిపోతున్నాడు. వాళ్ల అక్కకి ఫోన్ చేసి కూడా చెప్పాడు. నేను ఓడ కంపెనీకి రానని రాసి పంపేశాను. పంపాక ఆయనకి ఉత్తరం సంగతి చెప్పాను. ఇన్నాళ్లూ దాచావా అని కోపగించుకున్నాడు, తర్వాత నవ్వేశాడు.

దొరసాని నా మణికట్టు వదలడం లేదు. బాత్రూంలోకి కూడా వస్తోంది. పెట్టిందల్లా తింటోంది. చెంచా విసరడం లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

చెంచా విసరడం లేదు. బ్రెడ్ అంచులు తినదు కదా, అంచులు కూడా తినేసింది. బాతు పడవ ఎక్కించాం, ఎక్కింది. ఏనుగు మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చింది. ఫొటో తీశాడు మా ఆయన. ఫొటోలో పిల్ల ఏనుగు వైపు చూడడం లేదు, నా కాళ్ల వైపు చూస్తోంది, ఎటైనా కదులుతాయేమోనని.

నిన్నటి నుంచి ఒక్క మాట లేదు. అమ్మా లేదు, ఫోనమ్మా లేదు. కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. ఒకసారి చెయ్యి పెట్టింది. నీళ్లొచ్చాయి. నా మొహం కేసి చూసింది, నవ్వాలా అని అడుగుతున్నట్టు.

దొరసాని ఎటు పోయింది? ఈ బుద్ధిమంతురాలు ఎవరు?

మే 15, శుక్రవారం. మధ్యాహ్నం మూడు

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

చెప్పులు విప్పనివ్వడం లేదు. పక్క మీద కూడా చెప్పులతోనే. ఇందాక కాసేపు పడుకోబెడదామని నేనూ పక్కన వాలి కళ్లు మూశాను. చిన్న వేళ్లు వచ్చి నా కనురెప్పలు పైకి లాగాయి. చూశాను. వదిలింది. నిద్ర ముంచుకొచ్చి మళ్లీ మూశాను. మళ్లీ లాగింది. ఆట కాదు. నవ్వడం లేదు. గోరు గీసుకుని నా కంట నీళ్లు కారుతున్నా లాగుతూనే ఉంది. అది మాత్రం రెప్ప వెయ్యడం లేదు.

నేను ఓడకి వెళ్లిన రోజు అది నిద్రలో ఉంది. లేస్తే ఏడుస్తుంది, నిద్రలోనే వెళ్లిపో అని అందరూ అన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని గదిలోంచి బయటపడ్డాను. పది నెలల పిల్ల, దానికేం తెలుస్తుందనుకున్నాను. దానికి తెలిసింది. మనిషి వెళ్లేది మనం చూడనప్పుడే అని దానికి తెలిసింది. ఒకసారి నేను నేర్పాను. మొన్న వదిన చేత మళ్లీ నేర్పించాను. ఏడిస్తే ఏమయ్యేది? గంట ఏడ్చేది. రెండు గంటలు ఏడ్చేది. నా గుండెల మీద తన్ని ఏడ్చేది. ఏడుపుకి భయపడి పిల్ల నోరే నొక్కేశాం కదరా దేవుడా.

నా దగ్గరికి వచ్చింది, అవును. నా మీద ప్రేమతో కాదు. ఇక మిగిలింది నేనొక్కదాన్నేనని.

వదినకి వీడియో కాల్ చేశాను. తెర మీద ఆవిడ మొహం చూసింది దొరసాని. రెండు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది. ఫోనమ్మ అంది.

వదిన ఫోన్ పక్కన పెట్టేసింది. ఏడుపు వినపడుతోంది, మొహం లేదు, కుట్టుమిషను చక్రం ఒకటే కనపడుతోంది. రా వదినా, వెంటనే బయల్దేరు అన్నాను. ఇప్పుడొస్తే మళ్లీ నిన్ను కాదంటుందే పిల్ల అంది. కాదననీ అన్నాను.

మా ఆయన గోల. సర్దుకున్న పిల్లని మళ్లీ కదుపుతావా, నీకేమైనా మతి పోయిందా అన్నాడు. సర్దుకోలేదు, బెదిరిపోయింది, ఒక్కసారి దాని మొహం చూడండి అన్నాను. చూశాడు. చాలాసేపు చూశాడు. ఏనుగు ఫొటో తీసి మళ్లీ చూశాడు. తర్వాత బస్సు ఎన్నింటికి వస్తుందో కనుక్కోవడానికి కిందకి వెళ్లాడు.

మే 16, శనివారం. పన్నెండున్నర

వదిన వచ్చింది. దొరసాని వెళ్లలేదు.

లేచి నిలబడింది. రెండడుగులు వేసింది. ఆగింది. నా మణికట్టు కూడా వదిలేసింది. మా ఇద్దరికీ దూరంగా, గోడకి వీపు ఆనించి కూర్చుంది, ఇద్దరం కనపడేలా.

వదిన గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. నేను మంచం దగ్గర నేల మీద. గది ఖాళీ చెయ్యమని కింద నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. ఎవరం లేవలేదు.

ఎవరి దగ్గరికైనా సరే తల్లీ. వెళ్లు.